నీళ్లు రాసిన రాత

పెబ్బేరు సంతలో కోడెల బేరం ఎప్పుడైనా చూశారా? కొనేవాడు ముందు ధర అడగడు. కోడె ముట్టె పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి పళ్లు చూస్తాడు. పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పైన ఉండేది గట్టి చిగురు మాత్రమే. పాల పళ్లు రెండు ఊడి పెద్దవి వస్తే దాదాపు రెండేళ్లు నిండినట్టు. ఆ తర్వాత నాలుగు, ఆరు, చివరికి కడపండ్లు. నేను చూసిన రోజు ఒక పెద్దాయన నాలుగు పండ్ల కోడె నోరు చూసి, వయసు మాట ఎత్తకుండా, "ఏ ఊరి నీళ్లు తాగిందిరా ఇది?" అన్నాడు. పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. అమ్మేవాడు నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఊరి పేరు చెప్పాడు. ధర అక్కడే రెండు వేలు దిగింది.

ఆ చారలు నాకు తెలిసినవే. మా చెల్లెను ఇచ్చింది ఆ దిక్కే. పదిహేనేళ్ల కిందట వాళ్లింటికి పోయినప్పుడు ఏడేళ్ల మేనకోడలు వాకిట్లో కూర్చుని ఇటుకపొడితో ముందు పళ్లు రుద్దుతోంది, చిగుళ్లు ఎర్రబడేదాకా. బడిలో సారు పళ్లు తోముకోవడం లేదని బెంచీ ఎక్కించాడట. "రోజూ రెండుసార్లు తోముతున్న మామా, పోతలేదు" అంది. పోదు కూడా. అది పైన పట్టిన గార అయితే పోయేది. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడిన మచ్చ అది.

పంటి పైపొర, అంటే ఎనామెల్, మన ఒంట్లో అన్నింటికన్నా గట్టి పదార్థం. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దాన్ని కట్టే కణాలు ముందు ఒక ప్రొటీన్ అచ్చు పోస్తాయి, తర్వాత ఆ ప్రొటీన్ తీసేస్తూ ఖనిజం నింపుతాయి. పన్ను బయటికొచ్చేసరికి ఆ కణాలు చచ్చిపోతాయి. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది గానీ ఎనామెల్‌కు మరమ్మతు లేదు. పిల్లల ముందు పళ్లకు ఈ పని పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై నాలుగైదేళ్లకు ముగుస్తుంది. ఆ రోజుల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే లోపలి ప్రొటీన్ సమయానికి బయటికి పోదు. పొర గుల్లబారుతుంది. కొత్త పన్ను సుద్దముక్కలా తెల్లగా వస్తుంది, తర్వాతే తిండిలోని రంగులు ఆ గుల్లలోకి ఇంకి గోధుమరంగుకు తిరుగుతుంది. ఎనామెల్ పంటి కొన నుంచి వేరు వైపు వరుసలుగా పెరుగుతుంది కాబట్టి చారలు ఎప్పుడూ అడ్డమే. కుడివైపు పంటికి ఉంటే ఎడమవైపు జోడు పంటికీ ఉంటాయి. పుచ్చు అలా కాదు, ఎక్కడో ఒక పంటికి గుంట పెట్టి కూర్చుంటుంది.

తల్లులను తికమక పెట్టేది ఇంకోటి ఉంది. పాల పళ్లు చాలావరకు తెల్లగానే వస్తాయి, ఎందుకంటే వాటి ఎనామెల్ ఎక్కువ భాగం కడుపులోనే, మిగిలింది చనుపాలు తాగే నెలల్లో తయారవుతుంది. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా పాలలోకి దిగేది అతి స్వల్పం. పాలపొడిని ఆ బోరు నీళ్లలో కలిపి పట్టిస్తే మాత్రం ఆ కాపలా లేనట్టే. "మరగబెట్టి ఇస్తున్నాం కదా" అంటారు. మరగబెడితే నీళ్లు తగ్గుతాయి, ఫ్లోరైడ్ తగ్గదు, ఇంకాస్త చిక్కబడుతుంది.

ఇదంతా మన నేల చేసిన పని. నల్లగొండ కింద గ్రానైటు. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోకి వస్తుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే దానితో కలిసి అడుగున పేరుకుపోయేది, ఇక్కడి నీళ్లలో అది తక్కువ. బోరు లోతుకు పోయినకొద్దీ రాతితో సావాసం పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. పళ్లనే కాదు, ఎముకలనూ పట్టే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో ఇది వైద్య పత్రికకెక్కింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు పల్లెల నుంచి. అక్కడా ముందు కనిపెట్టింది డాక్టర్లు కాదు, ఎడ్లు కాడి లాగలేకపోతున్నాయని గమనించిన రైతులు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ మన జిల్లా పేరే పెట్టింది. ‘నల్లగొండ టెక్నిక్’ అంటే ఆఫ్రికాలో టాంజానియా ఇంజనీర్లకూ తెలుసు. ఊరికి పేరు రావడం అంటే ఇలా కూడా వస్తుంది మరి.

అడవిలో బ్రష్ లేదు, డాక్టరు లేడు. అయినా అమ్రాబాద్ జింకకు పళ్లు పుచ్చడం అరుదు, దానికి చక్కెర లేదు కాబట్టి. తీపి తినే ఎలుగుల జాతిలో పుచ్చు పళ్లు కొత్త కాదు. మన నల్లమల ఎలుగైతే ఇప్పపువ్వు, తేనె దొరికితే వదలదు. చెదలు పీల్చుకోవడానికి వీలుగా దానికి పై వరుస నడిమి పళ్లు రెండు అసలు ఉండవు, అది వేరే ముచ్చట. పులికి కోర విరిగితే కష్టం. 1907లో కుమావూ కొండల్లో చంపావత్ ఆడపులిని కాల్చాక చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి, కింది కోర ఎముక దాకా. మామూలు వేట సాగక మనుషుల మీద పడిందని దాన్ని చంపిన జిమ్ కార్బెట్ తేల్చాడు. అడవి జంతువుకు పంటి వైద్యం మన చేతిలో లేదు గానీ, దాని పళ్లు చదవడం ఉంది. జర్మనీలో వేటగాళ్లు దాచిన జింక దవడల మీది మచ్చలు చూసి, ఏ కాలంలో ఫ్యాక్టరీ పొగల ఫ్లోరైడ్ గడ్డి మీద ఎంత పడిందో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సంతలో పెద్దాయన చేసిందీ అదే, దవడ బతికి ఉందంతే తేడా.

అలాగని ఫ్లోరైడ్ పూర్తిగా శత్రువు కాదు. కొద్దిగా ఉంటే పంటి ఖనిజంలో చేరి ఆమ్లానికి లొంగకుండా చేస్తుంది. చాక్లెట్ తిన్న పిల్లల నోట్లో సూక్ష్మజీవులు పుట్టించేది ఆ ఆమ్లాన్నే. మూడేళ్ల లోపు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యం గింజంత చాలు. టీవీ ప్రకటనలో బ్రష్ నిండా వేసేది పేస్టు అమ్ముకోవడానికి.

మొన్న సంక్రాంతికి చెల్లె ఇంటికి పోయాను. ఇంటి నల్లాకు ఇప్పుడు కృష్ణా నీళ్లు. ఆ నీళ్లొచ్చాక పుట్టిన చిన్నోడికి కొత్త ముందు పళ్లు వచ్చాయి, తెల్లగా, అంచు రంపంలా. చూపించమంటే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వాడు. బోరు ఏం చేశారమ్మా అని అడిగాను. "ఉంది అన్నా, బర్రెలకు ఇడుస్తున్నం" అంది. తొట్టి దగ్గర ఏడాది దూడ నిలబడి తాగుతోంది. పక్కనున్న ముసలి బర్రె మాత్రం మూతి ముంచడం లేదు. చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటాయేమో, కుక్కలా నాలుకతో కొంచెం కొంచెం లాక్కుంటోంది.