సిబిల్ కోసం అప్పు చెయ్యమనే సలహా ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటిసారి అప్పు అడిగేవాళ్లకు కనీస సిబిల్ స్కోర్ (పాత అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కులు) అంటూ ఏదీ లేదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభకు తెలిపారు. అప్పు చరిత్ర లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తును తోసిపుచ్చొద్దని రిజర్వ్ బ్యాంక్ అదే ఏడాది జనవరి 6న ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. అయినా హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు, బైక్ కొనాలనుకునే డెలివరీ కుర్రాళ్లకు, చిన్న షాపు పెట్టుకుందామనుకునే ఆడవాళ్లకు వినిపిస్తున్న సలహా వేరు. ‘ముందు యాప్‌లో చిన్న లోన్ తీసుకో, మూడు నెలలు సక్రమంగా కట్టు, సిబిల్ అదే వస్తుంది.’ వడ్డీ ఎక్కువ కదా అంటే, స్కోర్ కోసం ఆమాత్రం ఖర్చు తప్పదంటారు. మంత్రి జవాబు తర్వాత ఈ సలహా మీద వాదన మళ్లీ మొదలైంది.

స్కోర్ 300 నుంచి 900 దాకా ఉంటుందని, 750 దాటితే బ్యాంకులు మర్యాదగా మాట్లాడతాయని అందరికీ తెలిసిందే. సిబిల్ సంస్థ 2000లో ఎలా పుట్టిందో కూడా ఇక్కడ అవసరం లేదు. ఈ సలహా వేళ్లు 2020 డిసెంబర్‌లో ఉన్నాయి, అదీ మన తెలంగాణలోనే.

కోవిడ్ ఏడాది అది. జీతాలు ఆగిపోయాయి, చేతిలో ఫోన్ మాత్రం ఉంది. వారం రోజుల గడువుతో ఐదు వేలు, పది వేలు ఇచ్చే యాప్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఫీజుల పేరుతో ముందే కొంత కోసుకుని మిగతాది చేతికిచ్చేవారు. గడువు దాటితే ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు వెళ్లేవి. ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు, ఆఫీసువాళ్లకు పంపేవారు. ఒక యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి మరొకటి. ఆ నెలలో రోజుల వ్యవధిలోనే తెలంగాణలో పలువురు ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అరెస్టయినవాళ్లలో చైనా దేశస్తులు కూడా ఉన్నారు. డిసెంబర్ 23న రిజర్వ్ బ్యాంక్ ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన ఇచ్చింది. మూడు వారాలకు, 2021 జనవరి 13న, డిజిటల్ అప్పుల మీద ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. అప్పులిచ్చే యాప్‌లు 1100 దాకా ఉన్నాయని, వాటిలో 600 అక్రమమైనవని ఆ గ్రూప్ నవంబర్‌లో తేల్చింది.

ఆ నివేదిక ఆధారంగా 2022 సెప్టెంబర్ 2న మార్గదర్శకాలు వచ్చాయి. అప్పు సొమ్ము నేరుగా తీసుకునేవాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ముందే చెప్పాలి. వద్దనుకుంటే జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చేయడానికి కొంత గడువుండాలి. ఇవన్నీ పేపర్లలో బాగానే వచ్చాయి. పెద్దగా ఎవరూ పట్టించుకోని నిబంధన ఇంకొకటి ఉంది. యాప్ ద్వారా ఇచ్చే ఏ అప్పైనా, ఎంత చిన్నదైనా, ఎన్ని రోజులకైనా, సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు, అంటే అందరి అప్పుల రికార్డు ఉంచే సంస్థలకు, చెప్పి తీరాలి. ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ తరహా అప్పులకు కూడా మినహాయింపు లేదు.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఆ నిబంధన ఉద్దేశం మంచిదే. ఒకే మనిషి మీద ఎన్ని యాప్‌ల బాకీ ఉందో కనబడితే ఇంకో యాప్ అప్పివ్వకుండా ఆగుతుందని ఆశ. ఇలాంటి ఆశతోనే అంతకుముందు ఒకసారి చిన్న అప్పులను బ్యూరోల్లోకి తెచ్చారు. దానికీ మన ఊరే కారణం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ (పేదలకిచ్చే చిన్న అప్పులు) సంక్షోభం వచ్చి, అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ వేసిన మాలెగాం కమిటీ ఒక మహిళకు రెండు సంస్థలకు మించి అప్పివ్వకూడదని, సంస్థలు క్రెడిట్ బ్యూరోలో చేరాలని చెప్పింది. రెండుసార్లూ బ్యూరో రికార్డును తెచ్చింది మోయలేని అప్పుకు బ్రేక్ వేయడానికే.

అదే రికార్డు ఇప్పుడు యాక్సిలరేటర్ అయింది. రిజర్వ్ బ్యాంక్ లైసెన్సున్న సంస్థల తరఫున పనిచేసే యాప్‌లకు 2022 తర్వాత ఖర్చు లేని ప్రకటన దొరికింది: ‘మేం సిబిల్‌కు రిపోర్ట్ చేస్తాం, మీ స్కోర్ పెంచుకోండి.’ చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యతను వాళ్లు మనకు చేస్తున్న ఉపకారంగా చూపించారు. అక్రమ యాప్‌లూ అదే మాట ఎత్తుకున్నాయి, వాటి నుంచి బ్యూరోకు ఒక్క అక్షరం కూడా వెళ్లదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2011 నుంచి మైక్రోఫైనాన్స్ వడ్డీకి ఏదో ఒక పరిమితి ఉండేది. దాన్ని రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్ 1 నుంచి తీసేసింది. యాప్ అప్పులకు ఆ పరిమితి మొదటి నుంచీ లేదు. చిన్న అప్పు ధరకు పగ్గం పోయిన ఏడాదే చిన్న అప్పుకు రికార్డు తప్పనిసరి అయింది. ఈ రెండూ కలిపి చూడకపోతే ఇవాళ్టి గొడవ అర్థం కాదు.

ధర ఎంతో ఒక లెక్క వేద్దాం. 30 రోజులకు 10,000 అప్పు. ప్రాసెసింగ్ ఫీజు 1,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 180. చేతికొచ్చేది 8,820. నెలకు 3 శాతం వడ్డీతో తిరిగి కట్టేది 10,300. అంటే 8,820 వాడుకున్నందుకు నెలకు 1,480. మన లెక్కలో నూటికి దాదాపు 17 రూపాయల వడ్డీ, ఏడాదికి 200 శాతం. ఊళ్లో ఐదు రూపాయల వడ్డీ అంటేనే గుండెలు బాదుకుంటాం. ఇక్కడ మాత్రం ‘3 శాతమే’ అని రాసుంటుంది కాబట్టి నొక్కేస్తాం.

ఇంత కట్టినందుకు స్కోర్ ఏమన్నా ఎక్కువ వస్తుందా? రాదు. స్కోర్‌ను నిర్ణయిస్తాయని బ్యూరోలు చెప్పే విషయాలు తెలిసినవే. సమయానికి కట్టారా, ఇచ్చిన పరిమితిలో ఎంత వాడారు, ఖాతాలు ఎంత పాతవి, ఎలాంటి అప్పులు, ఈమధ్య ఎన్నిచోట్ల అడిగారు. వీటిలో వడ్డీ రేటు లేదు. 9 శాతానికి తీసుకున్న బంగారం లోన్ సక్రమంగా కట్టినా రికార్డులో పడేది సమయానికి కట్టారన్న మాటే, 200 శాతానికి తీసుకున్నది కట్టినా అదే మాట. పైగా నెల రోజుల్లో ముగిసే అప్పు ఖాతాకు వయసు ఇవ్వదు. అడిగిన ప్రతిచోటా ఒక ఎంక్వైరీ నమోదవుతుంది. హోమ్ లోన్ కోసం వెళ్లినప్పుడు మేనేజర్ రిపోర్ట్ తెరిచి వరసగా ఆరు యాప్ అప్పులు చూస్తే, క్రమశిక్షణ ఉన్న మనిషి అనుకోడు, నెలాఖరుకు డబ్బు చాలని మనిషి అనుకుంటాడు. 2023 నవంబర్‌లో హామీ లేని వినియోగ అప్పుల రిస్క్ వెయిట్‌ను (అప్పు ఎంత ప్రమాదకరమో లెక్కగట్టి, దానికి తగ్గ మూలధనం బ్యాంకు చేత ఉంచించే కొలత) రిజర్వ్ బ్యాంక్ 100 నుంచి 125 శాతానికి పెంచాక ఈ అనుమానం ఇంకా ఎక్కువైంది.

అప్పులిచ్చేవాళ్ల వాదనా ఉంది. చరిత్ర లేని మనిషికి ఎవరో ఒకరు మొదట ఇవ్వాలి కదా, హామీ లేదు, ఎగవేత ఎక్కువ, అందుకే రేటు ఎక్కువ అంటారు. బ్యాంకులు ఖాళీ ఫైల్ చూసి మొహం తిప్పుకుంటాయన్నది అబద్ధం కాదు. కానీ ఆ వాదన అప్పు అవసరమైనవాళ్ల విషయంలో చెల్లుతుంది. అవసరం లేని మనిషి చేత స్కోర్ పేరు చెప్పి అప్పు చేయించడానికి చెల్లదు.

ఈ సలహాకు ఎక్కువగా దొరుకుతున్నది అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు. 2023 నుంచి ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో అభ్యర్థికి మంచి క్రెడిట్ చరిత్ర ఉండాలన్న షరతు కనబడుతోంది. అప్పు ఎగవేసిన రికార్డు ఉందని ఒక అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంక్ రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాస్ హైకోర్టు బ్యాంకునే సమర్థించింది. ఈ వార్తలు చదివి పిల్లలకు టెన్షన్ పట్టుకుంది. అయితే ఆ కేసులో సమస్య బాకీలు కట్టని చరిత్ర, చరిత్ర లేకపోవడం కాదు. ఏ అప్పూ చేయని పిల్లాడి ఫైల్ ఖాళీగా ఉంటుంది, అంతే. స్కోర్ కోసం యాప్ లోన్ తీసుకుని, ఇంటి నుంచి డబ్బు ఆలస్యమై పది రోజులు లేటుగా కడితే ఆ పది రోజులూ రిపోర్ట్‌లో 36 నెలలు కనబడతాయి. కట్టలేక ఎంతో కొంతకు రాజీపడితే ‘సెటిల్డ్’ అన్న ముద్ర పడుతుంది. బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది చట్టం. లేని జబ్బుకు మందేసుకుని జబ్బు తెచ్చుకోవడం ఇది.

2025లో తెలంగాణ ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం రాజీవ్ యువ వికాసం సమయంలోనూ ఇదే జరిగింది. సబ్సిడీ పోగా మిగతాది బ్యాంకు అప్పు కాబట్టి సిబిల్ చూస్తారన్న మాట బయటికొచ్చింది. దరఖాస్తు చేసిన నిరుద్యోగులు కంగారుపడి స్కోర్ చూసుకోవడం మొదలుపెట్టారు. కంగారుపడిన మనిషికి ‘స్కోర్ పెంచుతాం’ అనే ప్రకటన ఎంత తియ్యగా వినబడుతుందో చెప్పనక్కర్లేదు.

స్కోర్ నిజంగానే కావాలనుకునేవాళ్లకు చవకైన దారులున్నాయి. బ్యాంకులో కొద్ది మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు. నెలకు సరుకుల బిల్లు దాని మీద కొట్టి, గడువులోపు మొత్తం కట్టేస్తే వడ్డీ పైసా పడదు, డిపాజిట్ మీద వడ్డీ ఎటూ వస్తుంది. కనీస మొత్తం మాత్రం కట్టి ఊరుకుంటే కార్డు వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పోతుంది, ఆ ఒక్కటీ చేయకూడదు. బ్యాంకులో బంగారం మీద తీసుకున్న చిన్న లోన్ కూడా బ్యూరోలో నమోదవుతుంది. ఏడాదికి ఒకసారి నాలుగు బ్యూరోల నుంచీ పూర్తి రిపోర్ట్ ఉచితం. తప్పుంటే ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరిచేయాలి, లేకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

ఇక బ్యాంకుల సంగతి. కనీస స్కోర్ లేదని మంత్రి చెప్పారు కానీ, అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు తన పరిశీలనతో నిర్ణయించుకోవచ్చు. కౌంటర్ దగ్గర ‘సిబిల్ లేదమ్మా’ అని నోటితో చెప్పి పంపేయడం ఇందుకే సులువవుతోంది. దరఖాస్తు తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఎప్పటి నుంచో ఉంది. దరఖాస్తు కాగితం మీద ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ కారణం రాసివ్వమని అడగాలి. కారణం ‘చరిత్ర లేకపోవడం’ ఒక్కటే అయితే అది రిజర్వ్ బ్యాంక్ చెప్పినదానికి విరుద్ధం. ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ కాగితం పట్టుకుని బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.