రీడింగ్ ఒక్కటే, అందులో చదువూ చదవడమూ రెండున్నాయి

అనంతపురం సాయినగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పెట్టిన మాక్ టెస్టులో ఖాళీలు పూరించే ప్రశ్న ఒకటి ఈ వారం మళ్లీ రచ్చకెక్కింది. ‘హిజ్ డ్యాష్ రీడింగ్ ద లెటర్ సర్‌ప్రైజ్డ్ ఎవ్రీవన్’. ఆ డ్యాష్‌లో ‘కేర్‌ఫుల్’ రావాలా, ‘కేర్‌ఫుల్లీ’ రావాలా? కీలో ‘కేర్‌ఫుల్’ అని ఇచ్చారు. రాత్రి వాట్సాప్‌లో మొదలైన వాదన పొద్దున ఉగ్గాని బజ్జీ బండి దగ్గర కూడా తెగలేదు. మళ్లీ అని ఎందుకంటున్నానంటే, 2018 డీఎస్సీకి నేను చదివేటప్పుడు లెటర్ బదులు న్యూస్‌పేపర్ పెట్టి ఇదే ప్రశ్న వేరే సెంటర్ వాళ్లు ఇచ్చారు. కీ ఇదే, గొడవా ఇదే, నాకు పోయిన అరమార్కు కూడా ఇక్కడే.

దీని వెనక కథేంటో సాయంత్రంలోపు రాసివ్వన్నా అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. కాబట్టి నౌన్ అంటే ఏంది, అడ్వర్బ్ అంటే ఏంది అనేవి వదిలేస్తున్నా, అవి ఆరో తరగతిలోనే అయిపోయాయి.

ఆ సెంటర్‌లో ఇంగ్లీషు చెప్పే సార్ వాదన చిన్నదే. రీడింగ్ అనేది వాక్యానికి కర్తగా కూర్చుంది, అంటే జెరండ్ (క్రియకు -ఇంగ్ తగిలించి పేరుగా వాడే మాట), జెరండ్ అంటే నౌన్, నౌన్ ముందు వచ్చేది అడ్జెక్టివ్. “పైగా ముందర ‘హిజ్’ ఉంది కదప్పా, ఇంకేం సాక్ష్యం కావాలి?” అన్నాడట. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంగ్లీషులో ఈ -ఇంగ్ ఎట్లా పుట్టిందో తెలిస్తే ఆ మాట సగం దూరమే నడుస్తుంది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఇవి రెండు వేరువేరు తోకలు. పని చేస్తూ ఉన్న మనిషిని చెప్పడానికి -ఎండె అనే తోక, పనికి పేరు పెట్టడానికి -ఉంగ్ లేదా -ఇంగ్ అనే తోక. మొదటిది మన ‘చదువుతున్న’ లాంటిది, రెండోది ‘చదువు’ లాంటిది. ఈ రెండోది అప్పట్లో అచ్చమైన నామవాచకం. దేన్ని చదివారో నేరుగా పక్కన పెట్టుకునే శక్తి దానికి లేదు. ఆ తర్వాతి మూడు నాలుగు వందల ఏళ్లలో -ఎండె అరిగిపోయి, దాని స్థానంలోకి కూడా -ఇంగే వచ్చి కూర్చుంది. ఒకే డోర్ నంబరు మీద రెండు కాపురాలు. 14వ శతాబ్దం నుంచి చూస్తే పేరు పెట్టే -ఇంగ్ కూడా మెల్లగా క్రియ వేషాలు వేయడం మొదలుపెట్టింది. ‘ఆఫ్’ లేకుండానే కర్మను పక్కన పెట్టుకుంది, అడ్వర్బునూ రానిచ్చింది. ఇది ఎందుకు జరిగిందో పండితులు తలా ఒక కారణం చెబుతారు గానీ, నాకైతే ఆ రెండు తోకలు కలిసిపోవడంలోనే ఇవాళ్టి సాయినగర్ గొడవ మొత్తం ఉంది.

మనకు ఈ బాధ లేదు, ఎందుకంటే తెలుగులో అచ్చ నామవాచకానికీ, క్రియలా నడిచే పేరుకూ వేరువేరు మాటలున్నాయి. చదువు వేరు, చదవడం వేరు. మంచి చదువు అంటాం, ‘మంచి చదవడం’ అని ఎవరన్నా అంటే నవ్వుతాం. ఉత్తరాన్ని జాగ్రత్తగా చదవడం అంటాం. నడక, నడవడం, వంట, వండటం, రాక, రావడం, ఏ జత తీసుకున్నా ఇదే. మా ఇంట్లో రాగి సంగటి చేసేటప్పుడు మా అమ్మ గెలికే కట్టె పట్టుకుని, ఉండలు కట్టకుండా గట్టిగా గెలకడం ఎట్లాగో మా వదినకు చూపిస్తూ ఉంటుంది. ‘గట్టి సంగటి’ ఉంటుంది, ‘గట్టి గెలకడం’ ఉండదు. అమ్మ ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం ముట్టింది లేదు, కానీ ఆ ప్రశ్నను తెలుగులో వేస్తే రైటు కొట్టేది. ఇంగ్లీషువాడి రీడింగ్‌లో మాత్రం చదువూ ఉంది, చదవడమూ ఉంది, ఏది ఏదో పక్కన ఉన్న మాటలను చూసి తేల్చుకోవాలి.

ఇక్కడి నుంచి నేరుగా 1762కు దూకుదాం. రాబర్ట్ లౌత్ అనే ఆయన, తర్వాత లండన్ బిషప్ కూడా అయ్యాడు, చిన్న గ్రామర్ పుస్తకం ఒకటి వేశాడు. అప్పటిదాకా ఇంగ్లీషు వాళ్లు ‘ద రీడింగ్ ద లెటర్’ అని ఇటు నౌన్ టోపీ, అటు క్రియ చెప్పులు కలిపి వేసుకుని తిరిగేవాళ్లు, ఎవరికీ ఇబ్బంది లేదు. లౌత్ వచ్చి ముందు ‘ద’ పెడితే వెనక ‘ఆఫ్’ పెట్టు, లేకపోతే రెండూ తీసెయ్ అన్నాడు. పెద్ద పెద్ద రచయితల వాక్యాలను కూడా కింద నోట్సులో పెట్టి తప్పులు చూపించాడు. 1795లో లిండ్లీ మరే గ్రామర్ వచ్చి ఆ పద్ధతినే బడి పిల్లల దాకా తీసుకెళ్లింది. లౌత్ మీద ఈ కాలం వాళ్లకు కోపం ఎక్కువే, అయినా ఈ ఒక్క విషయంలో ఆయన గీసిన గీత ఇవాళ్టి రాతలో నిలబడింది: ‘హిజ్ కేర్‌ఫుల్ రీడింగ్ ఆఫ్ ద లెటర్’ ఒక ఇల్లు, ‘హిజ్ కేర్‌ఫుల్లీ రీడింగ్ ద లెటర్’ ఇంకో ఇల్లు. మన మాక్ టెస్టు వాక్యంలో ‘ఆఫ్’ లేదు, కాబట్టి జవాబు ‘కేర్‌ఫుల్లీ’. కథ అక్కడికే అయిపోవాలి.

అవలేదు, ఎందుకంటే మధ్యలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం ఉంది. రాయలసీమలో ఇంగ్లీషు టీచరు ఉన్న ఏ ఇంట్లోనైనా అట్ట ఊడిన కాపీ ఒకటి దొరుకుతుంది. పాపం దాంట్లో తప్పేం లేదు. జెరండ్‌కు నౌన్ శక్తీ, క్రియ శక్తీ రెండూ ఉంటాయనే నిర్వచనం ఇచ్చారు. కోచింగ్ మెటీరియల్‌లో దాన్ని ఒక్క లైనుకు కుదించేటప్పుడు రెండో సగం రాలిపోయి ‘జెరండ్ అంటే నౌన్’ మిగిలింది. సార్ అనేది ఆ మిగిలిన ముక్కే.

‘హిజ్’ సంగతి కూడా చూద్దాం. ‘హిజ్ కమింగ్’ అనాలా ‘హిమ్ కమింగ్’ అనాలా అని 1925, 26ల్లో ఇంగ్లీషు వాడుక మీద రాసే ఫౌలర్, డెన్మార్క్ వ్యాకరణ పండితుడు యెస్పర్సన్ పెద్ద యుద్ధమే చేశారు. ఫౌలర్ ‘హిజ్’ తప్ప కుదరదన్నాడు, యెస్పర్సన్ ‘హిమ్’ లాంటివీ నడుస్తాయని పాత రచనల్లోంచి ఉదాహరణలు తీసి ముందు పెట్టాడు. మనం ‘వాడి రాక’ అంటాం గానీ ‘వాడి రావడం’ అనం, ‘వాడు రావడం’ అంటాం. అందుకే నా మొగ్గు యెస్పర్సన్ వైపే. ఏదైనా ఇక్కడ కావాల్సింది ఒకటే: ముందు ‘హిజ్’ ఉన్నంత మాత్రాన వెనక ఉన్న క్రియ చచ్చిపోదు.

దానికి సాక్ష్యం 1985లో క్వర్క్, ఆయన తోటివాళ్లు వేసిన పెద్ద గ్రామర్‌లో ఉంది. పెయింటింగ్ అనే ఒక్క మాటను అచ్చ నౌన్ నుంచి అచ్చ క్రియ దాకా 14 వాక్యాల్లో మెట్లు మెట్లుగా దించారు. మధ్య మెట్ల మీద ‘బ్రౌన్స్ డెఫ్ట్ (నేర్పుగల) పెయింటింగ్ ఆఫ్ హిజ్ డాటర్’, దాని కిందే ‘బ్రౌన్స్ డెఫ్ట్‌లీ పెయింటింగ్ హిజ్ డాటర్’. రెండింటికీ ముందు ‘బ్రౌన్స్’ ఉంది చూడండి, మారింది డెఫ్ట్, ఆఫ్ మాత్రమే. (బ్రౌన్ అనగానే నాకు కడప ఎర్రముక్కపల్లి లైబ్రరీ గుర్తొచ్చింది. 1820లో కడపకు వచ్చిన మన సీపీ బ్రౌన్‌కూ ఈ బొమ్మలేసే బ్రౌన్‌కూ సంబంధం లేదు.) దానికన్నా ముందే, 1970లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ ‘రెఫ్యూజల్’ లాంటి నౌన్‌కు అడ్జెక్టివ్ పడుతుంది, ‘రెఫ్యూజింగ్ ద ఆఫర్’కు పడదు అనే తేడా మీద ఒక సిద్ధాంతమే కట్టాడు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ అనే వ్యాకరణ పండితులైతే జెరండ్, పార్టిసిపుల్ (‘చదువుతున్న’ లాంటి -ఇంగ్) అని క్రియను రెండుగా చీల్చడమే దండగ, రెండూ కలిపి ఒకే క్రియారూపం, ‘ఆఫ్’ తీసుకునేది మాత్రం వేరే నౌన్ అని తేల్చేశారు.

సార్‌కు న్యాయంగా ఒకటి చెప్పాలి. పక్కన కర్మా లేక, ‘ఆఫ్’ కూడా లేకపోతే రెండు రకాలుగానూ నడుస్తుంది. ‘హెవీ డ్రింకింగ్’ వల్ల లివర్ పోతుంది, ‘డ్రింకింగ్ హెవిలీ’ వల్ల కూడా పోతుంది. ఆఫీసు రిజిస్టర్లో ఎర్ర ఇంకుతో రాసే ‘లేట్ కమింగ్’లో లేట్ అడ్జెక్టివా, అడ్వర్బా అని అడిగితే నేను కూడా తల గోక్కుంటా, ఆ మాటకు రెండు వేషాలూ ఒకే బట్టల్లో ఉంటాయి. అలాంటిది ప్రశ్నగా ఇచ్చి ఉంటే రెండు జవాబులకూ మార్కు ఇవ్వమని నేనే అనేవాణ్ని.

నౌన్‌కు అడ్వర్బ్ అసలు అంటదు అని సార్ బోర్డు మీద రాసిన రెండో సూత్రం కూడా అంత గట్టిదేం కాదు. ‘ఈవెన్ ద టీచర్’ అన్నప్పుడు ఈవెన్ ఎవరి పక్కన కూర్చుంది? 2010లో పేన్, హడిల్‌స్టన్, పుల్లమ్ ముగ్గురూ కలిసి, నౌన్ తర్వాత అడ్వర్బ్ వచ్చే వాక్యాలను బోలెడన్ని చూపించారు. ‘ద షార్టేజ్ నేషనల్లీ ఆఫ్ నర్సెస్’ లాంటివి. అదే నేషనల్లీని షార్టేజ్ ముందుకు తెస్తే కుదరదు, అక్కడ నేషనలే కావాలి. అంటే అంటరానితనం నౌన్‌కూ అడ్వర్బ్‌కూ మధ్య కాదు, ముందు సీటు దగ్గర.

ఈ రాసే సమయానికి కీ మారలేదు. గొడవెందుకని రెండు ఆప్షన్లకూ మార్కు కలిపేద్దామని సెంటర్ వాళ్లు ఆలోచిస్తున్నారట. కలపాలంటే ముందు ప్రశ్నలో లెటర్‌ను తీసేయాలి. లెటర్‌ను ఉంచి, ‘ఆఫ్’ పెట్టకుండా రెండింటికీ మార్కు వేస్తే, 2018లో నాకు పోయిన అరమార్కు కూడా ఎవరో ఒకరు తిరిగివ్వాల్సి వస్తుంది, ఎందుకంటే అప్పుడు నేను పెట్టింది ‘కేర్‌ఫుల్లీ’.