గుహలో ట్యూబు ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

మాది శృంగవరపుకోట. న్యూజిలాండ్‌లోని వైటోమోలో కొన్నేళ్లు గుహ గైడుగా పనిచేశాను. భూమి లోపల పారే ఏటిలో, రబ్బరు ట్యూబుల మీద మనుషులను చీకట్లో నడిపించడం మా పని. పిల్లలు ఆ దేశంలో ఉన్న తల్లిదండ్రులు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు: "తీసుకెళ్తామంటున్నారు, వెళ్లవచ్చా బాబూ?"

అపోహ: ఈత రాకపోతే కుదరదు.
వాస్తవం: తేలించేది ట్యూబు. ముఖం మీద నీళ్లు పడితే బెంబేలెత్తకూడదు, ఈత రాదని గైడుకు ముందే చెప్పాలి. రాజాం నుంచి వచ్చిన ఒకావిడకు ఈత రాకపోవడం అడ్డం కాలేదు, కొప్పు అడ్డమైంది. హెల్మెట్ తలమీద గిన్నె బోర్లించినట్టు నిలబడింది. పిన్నులన్నీ తీసి, జడ వేసి, మెడ వెనక్కి వదిలాకే పట్టీ బిగిసింది.

అపోహ: వెట్‌సూటు (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తు) వేసుకుంటే తడవం.
వాస్తవం: శుభ్రంగా తడుస్తాం. లోపలికి చొరబడిన పలుచటి నీటిపొరను మన ఒళ్లే వెచ్చబరుస్తుంది, సూటు దాన్ని పోనివ్వదు. అందుకే వదులు సూటు దండగ. గుహ లోపలి వేడి దాదాపు ఆ ప్రాంతపు ఏడాది సగటుతో సమానం. అక్కడి నీరు 10 నుంచి 14 డిగ్రీలు. మొదటి ధార వెన్ను మీదుగా దిగినప్పుడు ఎంతటి పెద్దమనిషైనా కేక పెట్టాల్సిందే.

అపోహ: కప్పు మీద మెరిసేవి మిణుగురులు.
వాస్తవం: కాదు, ఒక రకం చిన్న ఈగ పిల్లపురుగులు. జిగురు దారాలు వేలాడదీసి, వెలుగు చూసి వచ్చే పురుగులను పట్టి తింటాయి. ఆకాశంలో చుక్కల్లా కనిపించేదంతా నిజానికి గాలాల వరుస!

అపోహ: పైన ఎండ కాస్తుంటే భయం లేదు.
వాస్తవం: చీకటి గురించి, గబ్బిలాల గురించి అందరూ అడుగుతారు. వాన గురించి ఎవరూ అడగరు. అనంతగిరి కొండల మీద వాన కురిస్తే, ఇక్కడ చినుకు లేకపోయినా తాటిపూడి జలాశయానికి ఎర్రనీళ్లు దిగుతాయి కదా, గుహ ఏరూ అంతే. సున్నపురాయిలోని పగుళ్ల గుండా వాననీరు నేరుగా లోపలికి దిగుతుంది, ఇరుకుచోట మట్టం ఇట్టే లేస్తుంది. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లో 12 మంది పిల్లలు, వారి కోచ్ గుహలోకి నడిచే వెళ్లారు. వరద దారి మూసేసింది. అందరూ బయటికి వచ్చేసరికి జూలై 10. నీళ్లు రంగు మారినా, ఆకులూ నురగా కొట్టుకొచ్చినా మేము వెనక్కి తిప్పేసేవాళ్లం. "ఇంత దూరం వచ్చాం" అని తగువు పెట్టుకున్నవారికీ అదే జవాబు.

అపోహ: బొర్రాలోనూ ట్యూబు వేసుకోవచ్చు.
వాస్తవం: లేదు. గోస్థని నది అక్కడే ఉన్నా, మనకున్నది మెట్లదారే. ఆ సరదా తీరక లారీ ట్యూబుతో చెరువులో దిగేవారికి ఒక్క మాట: వాల్వు పుల్లకు గుడ్డ చుట్టండి. చిన్నప్పుడు అది గీసిన గీత నా తొడ మీద ఇంకా ఉంది.