అమెరికా ఎన్నికలు, మీడియా పక్షపాతం: అపోహలు - వాస్తవాలు

పెన్సిల్వేనియాలో ఒక దినపత్రిక ఎన్నికల డెస్క్‌లో పనిచేస్తాను. ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఇక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు తిరుగుతుంటాయి: మీడియా అమ్ముడుపోయింది, పార్టీలు దొందూ దొందే. ఆ కోపం ఊరికే పుట్టలేదు, అందులో సగం నాకూ ఉంది. కానీ అది తప్పుడు కారణాల మీద ఖర్చయిపోతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: రాత్రి ముందున్న అభ్యర్థి తర్వాత ఓడిపోయాడంటే ఏదో గోల్‌మాల్ జరిగినట్టే.

వాస్తవం: ఇండియాలోలా అంతా ఒక్క ఎన్నికల సంఘం చేతిలో ఉండదు. లెక్కింపు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పని, రూల్స్ రాష్ట్రానికొక తీరు. ఫ్లోరిడాలో మెయిల్ బ్యాలెట్లను, అంటే పోస్టులో వచ్చే ఓట్లను, పోలింగ్‌కి ముందే విప్పి సిద్ధం చేసుకుంటారు. మా పెన్సిల్వేనియాలో పోలింగ్ రోజు ఉదయం 7 దాకా కవరు చింపడానికే లేదు. ఆ కవర్లూ రెండు. బయటి కవరు మీద ఓటరు సంతకం చూడాలి, లోపలి కవరును ఓటరెవరో తెలియకుండా వేరు చేయాలి, తర్వాత బ్యాలెట్ తీసి మడతలు సాపు చేసి స్కానర్‌లో పెట్టాలి. 2020లో ఈ ఒక్క రాష్ట్రంలోనే ఇలాంటివి దాదాపు 26 లక్షలు. మెయిల్ ఓటును నమ్మొద్దని ట్రంప్ పదేపదే చెప్పడంతో ఆయన మద్దతుదారులు ఎక్కువగా బూత్‌కే వెళ్లారు, మెయిల్ ఓట్లలో నాలుగింట మూడు వంతులు బైడెన్‌కి పడ్డాయి. అందుకే నవంబర్ 3 రాత్రి ట్రంప్‌కి ఆరు లక్షలకు పైగా ఆధిక్యం కనిపించింది, చివరికి బైడెన్ సుమారు 80 వేల తేడాతో గెలిచాడు. ఏ ఓట్లు ముందు లెక్కపెట్టారు, ఏవి తర్వాత అన్నదే తేడా.

ఇందులో మీడియా తప్పేమీ లేదని నేననను. ఇంకా ఎన్ని కవర్లు విప్పాలో చెప్పకుండా "ముందంజ" అని పెద్దక్షరాల్లో వేస్తే జనం మోసం జరిగిందనుకోక ఏం చేస్తారు? మా డెస్క్‌లో ఆధిక్యం అంకె రాస్తే మిగిలిన ఓట్ల అంకె కూడా అదే వాక్యంలో ఉండాలి, లేదంటే కాపీ వెనక్కి వస్తుంది.

అపోహ: ఎవరు గెలవాలో ఛానళ్లే తేల్చేస్తాయి.

వాస్తవం: ఛానళ్లు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ చెప్పేది వాళ్ల సొంత లెక్క. ఫలితాన్ని ధ్రువీకరించేది రాష్ట్రాలు. డిసెంబర్‌లో ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే ప్రతినిధులు) ఓటేస్తారు, జనవరి 6న కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, ఆ ఓట్లు లెక్కిస్తారు. 2020లో అరిజోనా బైడెన్‌దేనని పెద్ద ఛానళ్లలో అన్నిటికంటే ముందు చెప్పింది ఎవరనుకున్నారు? ట్రంప్ వైపు మొగ్గుతుందని పేరున్న ఫాక్స్ న్యూస్. అదే ఛానల్, డొమినియన్ అనే కంపెనీ ఓటింగ్ మెషీన్ల మీద అబద్ధపు ఆరోపణలు ప్రసారం చేసిన కేసులో 2023లో 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. అంకెలు చూసే డెస్క్ వేరు, సాయంత్రం అరుపుల షోలు వేరు. పక్షపాతం కావాలంటే ఆ షోలలో దొరుకుతుంది, రెండు వైపులా.

అపోహ: రెండు పక్షాలనూ సమానంగా చూపాలని చట్టం ఉంది.

వాస్తవం: లేదు. వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలంటూ 1949లో వచ్చిన ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ని 1987లో ఎత్తేశారు. అది కూడా లైసెన్సు మీద నడిచే రేడియో, టీవీ స్టేషన్లకే. ఇప్పుడున్న ఈక్వల్ టైమ్ రూల్ (ఒక అభ్యర్థికి సమయమిస్తే పోటీదారులకూ ఇవ్వాలన్నది) నుంచి వార్తా బులెటిన్లకు మినహాయింపు ఉంది.

అపోహ: ఏ పార్టీకీ చెందనని ఓటరుగా రిజిస్టర్ చేసుకుంటే రెండింటికీ బుద్ధి చెప్పినట్టే.

వాస్తవం: సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్లలో చాలామంది చేసేది ఇదే, నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. 2024లో గ్యాలప్ సంస్థ సర్వేల్లో 43 శాతం మంది తాము ఇండిపెండెంట్లమన్నారు. కానీ పెన్సిల్వేనియాలో, న్యూయార్క్‌లో, ఫ్లోరిడాలో ప్రైమరీలు (నవంబర్‌లో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికలు) క్లోజ్డ్, అంటే పార్టీ సభ్యుడిగా రిజిస్టరైతేనే ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటు. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు, అక్కడ నవంబర్ ఓటు లాంఛనమే, అసలు ఎంపిక ప్రైమరీలోనే అయిపోతుంది. 2024లో డెమోక్రాట్లకు గట్టి పోటీ ఉన్న ప్రైమరీయే లేకుండా పోయింది, జూలైలో బైడెన్ తప్పుకున్నాక హ్యారిస్‌ని డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, ఖాయం చేశారు. దాని మీద కోపం న్యాయమైనదే. ఆ కోపంతో ప్రైమరీ ఓటు వదులుకుంటే మాత్రం పార్టీ పెద్దలకు ఇంకా హాయి.

మా వృత్తిలో నాకు కనిపించే పెద్ద పక్షపాతం కూడా ఇక్కడే. ప్రెసిడెంట్ సర్వేలో ఒక శాతం అటూఇటూ అయితే గంటల తరబడి చర్చ, స్టేట్ హౌస్ (రాష్ట్ర శాసనసభ) ప్రైమరీలో ఎవరు నిలబడ్డారో రాయడానికి మనిషే ఉండడు. 2005 నుంచి ఈ దేశంలో మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి, అందులో ఎక్కువ చిన్న ఊళ్ల వీక్లీలే. మెయిల్ కవర్లు విప్పించే ఎన్నికల బోర్డు ఇక్కడ చాలా కౌంటీల్లో కౌంటీ కమిషనర్లే, అంటే కౌంటీని నడిపే, ఎన్నికైన ప్రతినిధులే. వాళ్ల పేర్లు మీలో ఎంతమందికి తెలుసు? మీ ఊరి పత్రిక బతికుంటే చందా కట్టండి. పెన్సిల్వేనియాలో ఉంటే, ప్రైమరీకి 15 రోజుల ముందు వరకు ఆన్‌లైన్‌లోనే పార్టీ మార్చుకోవచ్చు, ఫీజు లేదు, నవంబర్‌లో ఎవరికి ఓటేయాలన్నది ఎప్పటిలాగే మీ ఇష్టం.