విమానాల కింద వార్బ్లర్లు: టినికమ్ చిత్తడి ఎలా మిగిలింది

ఫిలడెల్ఫియాలో విమానం దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే హైవేకి, ఆయిల్ ట్యాంకులకి మధ్య ఒక పచ్చటి మడుగు కనిపిస్తుంది. ఎవరికీ అక్కర్లేక వదిలేసిన జాగా అనుకుంటారు చాలామంది, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. దాని పేరు జాన్ హైంజ్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, టినికమ్, అంటే వన్యప్రాణుల కోసం కాపాడుతున్న ప్రాంతం. ఏప్రిల్, మే వచ్చిందంటే తెల్లవారకముందే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని జనం అక్కడికి చేరుకుంటారు. ఇప్పటిదాకా 300కు పైగా పక్షి జాతులు అక్కడ నమోదయ్యాయి. ఊరి మధ్యలో, అదీ ఎయిర్‌పోర్టు పక్కన అన్ని పక్షులేంటి అని ఆశ్చర్యం వేస్తుంది కానీ, ఊరి మధ్యలో ఉండటమే అందుకు సగం కారణం.

వార్బ్లర్లలాంటి చిన్న పిట్టలు వలస ప్రయాణం రాత్రిపూట చేస్తాయి. దక్షిణపు గాలి వీపు మీద తోస్తుంటే రాత్రంతా ఎగిరి, తెల్లారేసరికి ఆకలితో కిందికి చూస్తాయి. మైళ్ల కొద్దీ ఇళ్ల పైకప్పులు, రోడ్లు, పార్కింగ్ లాట్లు, వాటి మధ్య నీళ్లూ చెట్లూ ఉన్న ఒక్క ముక్క. అందుకే ఇక్కడి పక్షుల పిచ్చోళ్లు రాత్రి పడుకునేముందు వాన గురించి ఎంత చూస్తారో, గాలి ఎటు వీస్తోందో కూడా అంతే చూస్తారు.

ఒకప్పుడు ఈ ముక్క ఇంత చిన్నదేం కాదు. డార్బీ క్రీక్ అనే వాగు చుట్టూ ఆటుపోట్లకు నిండి తగ్గే మంచినీటి చిత్తడి 5,700 ఎకరాలకు పైగా ఉండేది. 17వ శతాబ్దంలో స్వీడిష్, డచ్, ఇంగ్లిష్ వలసదారులు వచ్చి కట్టలు పోసి, నీటిని బయటికి పంపి, పశువుల మేతకు వాడుకున్నారు. అప్పటికీ చాలానే మిగిలింది. అసలు దెబ్బ 20వ శతాబ్దంలో పడింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో దగ్గర్లోని హాగ్ ఐలాండ్‌లో పెద్ద షిప్‌యార్డు కట్టారు, తర్వాత అదే స్థలం ఎయిర్‌పోర్టులో కలిసిపోయింది. చిత్తడి అంటే అప్పట్లో పనికిరాని బురద, పూడిస్తే డబ్బు. అంతే లెక్క.

1955లో గల్ఫ్ ఆయిల్ కంపెనీ కట్ట పోసి ఉన్న 145 ఎకరాల చెరువును నగరానికి ఇచ్చేసింది. చిత్తడి కాపాడుకునే పని అక్కడ మొదలైంది. నాకు తమాషాగా అనిపించేది ఇదే: ఈరోజు జనం చుట్టూ నడుస్తూ పక్షుల్ని చూసే ఆ చెరువు ప్రకృతి చేసింది కాదు, మనుషుల కట్ట వల్ల ఏర్పడింది. అలాంటి కట్టలే కదా అసలు చిత్తడిని మింగేసింది.

1969 నాటికి మిగిలిన చిత్తడి 200 ఎకరాలకు పడిపోయింది. దాని మీద కూడా రెండు కత్తులు వేలాడుతున్నాయి, ఒకటి అందులోంచి వెళ్లబోయే ఐ-95 హైవే, రెండోది చెత్త డంప్. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, పర్యావరణ సంఘాల వాళ్లు బహిరంగ విచారణలకెళ్లి వాదించారు, కోర్టు స్టేలు తెచ్చుకున్నారు. చివరికి హైవే రూటు మార్చారు. 1972లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి 1,200 ఎకరాల దాకా సేకరించడానికి అనుమతిచ్చింది. అప్పటి పేరు టినికమ్ నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ సెంటర్. ఈ చిత్తడి కోసం పనిచేసిన సెనెటర్ జాన్ హైంజ్ 1991 ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో చనిపోయారు, అదే ఏడాది ఆయన పేరు పెట్టారు.

చట్టం వచ్చింది కదా, ఇక టెన్షన్ లేదనుకుంటే పొరపాటే. 2000 ఫిబ్రవరిలో పైప్‌లైన్ లీకై ముడి చమురు ఆ చెరువులోకే చేరింది. 2001లో డార్బీ క్రీక్ పక్కనున్న పాత డంపులు, క్లియర్‌వ్యూ, ఫోల్‌క్రాఫ్ట్, సూపర్‌ఫండ్ జాబితాకెక్కాయి, అంటే దేశంలో అత్యంత విషపూరితమైన స్థలాల లిస్టులోకి అన్నమాట. వీటిలో ఫోల్‌క్రాఫ్ట్ డంప్ రెఫ్యూజ్ లోపలే ఉంది.

పిట్టలకి ఇవేవీ తెలియవు. మార్చిలోనే రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ మగవి వచ్చి ఒక్కో జమ్ము పుల్లా ఆక్రమించేస్తాయి. బొగ్గులాంటి ఒళ్లు, భుజం మీద మిరపపండు రంగు మచ్చ, దాని కింద సన్నటి పసుపు అంచు. మామూలుగా కూర్చుంటే ఆ ఎరుపు దాదాపు కనబడదు. ఇంకో మగది దగ్గరికొచ్చిందో, మెడ ముందుకి చాచి, రెక్కలు కాస్త విప్పి, ఆ ఎరుపంతా ఉబ్బించి గట్టిగా కూస్తుంది, కింద జమ్ము పుల్ల ఊగిపోతుంటుంది. నెత్తిమీదుగా జెట్ విమానం చెవులు చిల్లులు పడేలా వెళ్తే మాటలాపేది మనమే, అది మాత్రం కూత ఆపదు. ఆ తర్వాత గూడు పెట్టెల కోసం కొట్లాడుకునే ట్రీ స్వాలోలు, ఏప్రిల్ చివర్లో ఎల్లో వార్బ్లర్లు, మే మొదటి రెండు వారాల్లో మిగతా వార్బ్లర్లన్నీ. కొత్తగా చిగిర్చిన ఓక్ ఆకుల్లో గొంగళిపురుగులు ఏరుకుంటూ అవి ఎక్కడో పైకొమ్మల్లోనే ఉంటాయి, మెడ పట్టేస్తుంది మనకి.

చెరువు చుట్టూ నడిచే దారి మూడు మైళ్ల పైచిలుకు ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లకి గడ్డి మొలిచిన ఫోల్‌క్రాఫ్ట్ దిబ్బ చూపిస్తే, చక్కటి గుట్ట అని ఫోన్ తీస్తారు. చిత్తడి నేలలో గుట్ట ఎక్కడినుంచి వస్తుంది?