ముఠా ఎక్కడో ఉంది, అకౌంటు మాత్రం మనది: అపోహలు – వాస్తవాలు

విజయవాడలో సైబర్ మోసాల కేసులు చూసే న్యాయవాదిని. డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ వస్తారు, ముద్దాయిలుగా ఇరుక్కున్నవాళ్లూ వస్తారు. ఇద్దరి దగ్గరా తరచూ వినే మాటలివి.

అపోహ: కంబోడియాలో ముఠా ఉంటే మనకేంటి?

వాస్తవం: ఫోన్ చేసేవాడు అక్కడ ఉండొచ్చు. కొట్టేసిన డబ్బు మాత్రం ముందు మన దేశంలోని ఏదో ఒక అకౌంట్లోనే పడాలి. దానికోసం బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల హాస్టల్ కుర్రాడినో, గుంటూరులో అప్పుల్లో మునిగిన చిరు వ్యాపారినో పట్టుకుంటారు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, అకౌంటుకు లింకైన సిమ్ ఒక కవర్లో పెట్టి ఇస్తే చాలు, ఐదు వేలో పది వేలో చేతిలో పెడతారు. ఆ తర్వాత అందులో లక్షలు పడతాయి, నిమిషాల్లో వేరే అకౌంట్లకు పోతాయి, చాలాసార్లు చివరికి క్రిప్టోగా మారి దేశం దాటతాయి.

‘‘నేనేం చేయలేదు సార్, అకౌంట్ ఇచ్చానంతే’’ అంటాడు కుర్రాడు. బ్యాంకు రికార్డుల్లో పేరు, ఆధార్, ఫొటో అన్నీ అతనివే. బాధితుడు ఏ రాష్ట్రంలో ఫిర్యాదు చేస్తే ఆ రాష్ట్ర పోలీసులు వెతుక్కుంటూ వస్తారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 111వ సెక్షన్లోని వ్యవస్థీకృత నేరాల్లో సైబర్ నేరాలనూ చేర్చింది. కవర్ తీసుకెళ్లిన బ్రోకర్ ఫోన్ స్విచ్ఛాఫ్. భాష తెలియని ఊళ్లో బెయిలు కోసం తిరిగేది తల్లిదండ్రులు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: అక్కడి నుంచి ఫోన్లు చేసేవాళ్లంతా కరడుగట్టిన నేరగాళ్లే.

వాస్తవం: చాలామంది బందీలు. మయన్మార్‌లో కనీసం 1.2 లక్షల మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది ఇలా బలవంతంగా పనిచేస్తూ ఉండొచ్చని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. ‘థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ’ అని విమానం ఎక్కిస్తారు. బ్యాంకాక్‌లో దిగాక సరిహద్దులోని మే సోట్‌కు తీసుకెళ్లి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడ్డీ చేరుస్తారు. పాస్‌పోర్టు లాగేసుకుంటారు. 2025 మార్చిలో మన వైమానిక దళ విమానాల్లో 549 మంది ఇలాంటి చోట్ల నుంచే తిరిగొచ్చారు. మన రాష్ట్రంలోనూ, యువతను కంబోడియా పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు 2024లో అరెస్టు చేశారు. ఏజెంటు పేరు, విదేశీ ఉద్యోగాల ఏజెంట్లను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో లేకపోయినా, టూరిస్టు వీసా మీద ఉద్యోగమన్నా నమ్మొద్దు.

పోలీసులమంటూ ఫోన్లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్ట్’ గురించి ఒక్క మాట: చట్టంలో అలాంటిదే లేదు. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం కనిపించినా కట్ చేసేయండి.

అపోహ: విదేశీ ముఠా చేతికి పోయిన డబ్బు ఇక రాదు.

వాస్తవం: అన్నిసార్లూ రాదు, నిజమే. కానీ డబ్బు ఇంకా ఇక్కడి అకౌంట్లలో ఉండగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆపించే అవకాశం ఉంది. పరువు పోతుందని ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు ఆగేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. ఫోన్ చేసినప్పుడు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. ఆగిన సొమ్ము విడిపించమని కోర్టులో అర్జీ వేయాల్సి వస్తే ఆ రెండూ మీ లాయర్‌కు కావాలి.