మైనంలో పెట్రోల్ కలపకండి: ఇంట్లో చేసుకునే టార్పాలిన్ గురించి అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, గండికోట వెళ్తున్నాం, టార్పాలిన్ సొంతంగా చేసుకుంటున్నాం. కొవ్వొత్తుల మైనంలో పెట్రోల్ ఎంత పొయ్యాలి?" టెంట్లు, బరకాలు కుట్టడం నా పని కాబట్టి అడుగుతారు. అడిగే పిల్లల మీద నాకు కోపం లేదు. మంచి టార్పాలిన్ కొనాలంటే ఖరీదే, గుడ్డ తెచ్చుకుని చేసుకోవాలన్న ఉత్సాహం ముచ్చటైనదే. కోపమంతా ఈ పెట్రోల్ చిట్కాని ఫోన్ నుంచి ఫోన్‌కి తిప్పుతున్నవాళ్ల మీద.

అపోహ: మైనంలో పెట్రోల్ గానీ టర్పెంటైన్ గానీ కలిపి కాస్తే గుడ్డలోకి బాగా ఇంకుతుంది. పెట్రోల్ ఎటూ ఆవిరైపోతుంది కాబట్టి భయం లేదు.

వాస్తవం: ఇంకుతుందన్న మాట నిజమే, భయం లేదన్నదే అబద్ధం. 1944 జూలై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక సర్కస్ డేరా ఆట జరుగుతుండగానే తగలబడింది. వాన ఆగడానికని ఆ కాన్వాసుకి పూసింది పెట్రోల్‌లో కలిపిన పారఫిన్ మైనమే, అంటే ఇప్పుడు మీకొస్తున్న చిట్కానే. నిమిషాల్లో డేరా మొత్తం కూలింది. 160 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. పెట్రోల్ ఎప్పుడో ఆరిపోయింది. మండింది మైనం తాగిన గుడ్డ. కొవ్వొత్తికి వత్తి ఎలాగో మైనానికి నూలు గుడ్డ అలాగ. అలాంటి టార్పాలిన్ కింద స్టవ్ వెలిగించినా, పక్కన చలిమంట వేసినా ఏమవుతుందో ఆలోచించుకోండి.

ఇది పూశాక వచ్చే ప్రమాదం. కాచేటప్పటిది ఇంకా దగ్గరిది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ పక్క గదిలో ఉన్న మంటని వెతుక్కుంటుంది. "పెట్రోల్ కాదన్నా, టర్పెంటైనే" అంటారు. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ 30-40 డిగ్రీలు వేడెక్కితే చాలు, నిప్పురవ్వ తగలగానే దాని ఆవిరి అంటుకుంటుంది. మన ఎండాకాలంలో గది వేడే అంత ఉంటుంది, ఇక దాన్ని పొయ్యి ఎక్కిస్తే చెప్పేదేముంది?

పోయినేడు ఒక ఇంజినీరింగ్ కుర్రాడు మోచేతి దాకా కట్టుతో మా కొట్టుకి వచ్చాడు, వెంట వాళ్లమ్మ. వంటింట్లో గిన్నె భగ్గుమంటే భయపడి నీళ్లు పోశాడట. మండే మైనం మీద నీళ్లు పడితే మంట గుప్పున పైకి లేస్తుంది. గ్యాస్ కట్టేసి, అందితే మూత పెట్టాలి, లేదంటే బయటికి పరుగెత్తాలి. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: "బాబూ, వీణ్ణి ఇలాంటి ట్రిప్పులకి పంపడం మానెయ్యనా?" పంపండమ్మా, అన్నాను. వాన కురిసే కొండ మీద ఒక రాత్రి గడపడం పిల్లలకి మంచిది. ఆ ఆదివారమే మా డాబా మీద ఇద్దరం కలిసి కొత్త గుడ్డకి పూత వేశాం, మంట అవసరం లేని పద్ధతిలో.

ఆ పద్ధతి ఇది. నూటికి నూరు శాతం సిలికాన్ అని రాసి ఉన్న సీలెంట్ (సందులు పూడ్చే జిగురు) ట్యూబు, మినరల్ టర్పెంటైన్, మూత గట్టిగా పట్టే డబ్బా తీసుకోండి. పూత లేని రిప్‌స్టాప్ నైలాన్‌కైతే (చిరుగు పాకకుండా గళ్లుగా నేసిన గుడ్డ) ఒక వంతు సిలికాన్‌కి ఎనిమిది నుంచి పది వంతుల టర్పెంటైన్ కలుపుతాను, నూలు గుడ్డకైతే ఐదారు వంతులు. కరిగేదాకా గిలకొట్టి, బ్రష్‌తో పూసి, మిగులు తుడిచేసి ఒక రోజు ఆరబెట్టాలి. ఆరుబయటే చెయ్యాలి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్, స్విచ్ ఏవీ ఉండకూడదు. చేతికి గ్లవుజులు వేసుకోండి. వెనిగర్ వాసన వస్తే కంగారు పడొద్దు, ఆ రకం సిలికాన్ గాలిలో తేమతో గట్టిపడేటప్పుడు అలాగే వస్తుంది. యాక్రిలిక్ సీలెంట్ మాత్రం కొనకండి, అది టర్పెంటైన్‌లో కరగదు.

మైనమే కావాలంటారా? మానమని చెప్పను. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి, ఏమీ కలపకుండా కరిగించి పూయండి. అది సంచులకి, టోపీలకి. మంట దగ్గరికి వెళ్లే దేనికీ వద్దు. పైగా పారఫిన్ 50-60 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో మైనం పూసిన టార్పాలిన్ని కారు డిక్కీలో వదిలేస్తే జిగురు ముద్దవుతుంది. అవిసె నూనె పూసేవాళ్లకి ఒక్క మాట: నూనె తుడిచిన గుడ్డ పీలికల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకండి. ఆరుతున్నప్పుడు ఆ నూనె తనే వేడెక్కుతుంది, నిప్పు లేకుండానే రాజుకుంటుంది. విడివిడిగా పరిచి బయట ఆరెయ్యండి.

మిగతా అపోహలు ప్రాణం తీసేవి కావు కాబట్టి గబగబా చెప్పేస్తాను. కారితే ఇంకో పూత వెయ్యాలంటారు. నా దగ్గరికొచ్చే వాటిలో ఎక్కువ కారేది గుడ్డలో కాదు, సూది బెజ్జాల్లో. అంచుల్ని ఒకదాన్లో ఒకటి మడిచి, పాలియెస్టర్ దారంతో రెండు వరసలు కుట్టి, కుట్టు మీద చిక్కటి సిలికాన్ పూయండి. సిలికాన్ పూసిన గుడ్డకి సిలికాన్ తప్ప ఏదీ అంటదు, కుట్ల మీద అంటించే మామూలు సీమ్ టేప్ ఊడొస్తుంది. వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొడితే చాలంటారు. స్ప్రే నీటి బొట్టుని జారుస్తుంది అంతే, నిలిచిన నీటిని ఆపదు. టార్పాలిన్ ఏటవాలుగా, బిగువుగా కట్టకపోతే ఏ పూతైనా ఓడిపోతుంది.

లంబసింగిలో డిసెంబర్ తెల్లవారుజామున లోపలి వైపు తడిగా ఉందని కంగారుగా ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. అది ఎక్కువసార్లు కారడం కాదు, మీ ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీరవడం. రెండు వైపులా గాలాడేలా ఎత్తి కట్టండి. అయినా అనుమానం తీరకపోతే, ఇంటికొచ్చాక టార్పాలిన్ని దండేనికి వాలుగా కట్టి బకెట్ నీళ్లు పోసి కింద నుంచి చూడండి. చుక్క ఎక్కడ దిగుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఆరాక ఆ చోటు మాత్రమే పూయండి.